డెల్టా మురుగు కాలువల్లో మందుల జాడ: ఏ బయోసెన్సర్ ఎక్కడ పనికొస్తుంది?

ఎకరం విస్తీర్ణంలో రెండు మీటర్ల లోతున నిండిన చేపల చెరువులో దాదాపు 81 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. అందులో 500 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మాత్ర ఒక్కటి పూర్తిగా కరిగితే ఆ మందు గాఢత లీటరుకు 0.06 మైక్రోగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. బాక్టీరియా ఒక మందుకు లొంగకుండా తయారవకూడదంటే నీటిలో ఆ మందు ఎంతకు మించరాదో 2016లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టినప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌కు తేలిన హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. అంటే నిండు చెరువును ఆ హద్దు దాకా తీసుకుపోవడానికి ఒక్క మాత్ర సరిపోతుంది.

ఇది తక్కువ గాఢత కొస. ఎక్కువ గాఢత కొస కూడా తెలుగు నేల మీదే ఉంది. పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఈ రెండు కొసల మధ్య తేడా నాలుగున్నర లక్షల రెట్లకు పైమాటే. అక్కడి నీటిలో ముంచగానే మందు ఉందని చెప్పగలిగిన పరికరం, భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్‌లో ముంచితే ఏమీ చెప్పకపోవచ్చు. ఆ మౌనానికి నీరు శుభ్రంగా ఉందని అర్థం మాత్రం కాదు.

బయోసెన్సర్ల గురించి, అంటే బాక్టీరియా, యాంటీబాడీ, ఎంజైమ్ వంటి జీవ పదార్థంతో నీటిలోని మందును పసిగట్టే సాధనాల గురించి, నన్ను అడిగేవారిలో పురపాలక సంఘాల ఇంజనీర్లు, రొయ్యల రైతులు, కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం బోధించే సహోపాధ్యాయులు ఉంటారు. అందరూ మొదట అడిగేది "వీటిలో ఏది మంచిది?" అని. రీడింగు చేతికి వచ్చాక దానితో ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో తేలనిదే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. ఆసుపత్రి తూము దగ్గర శుద్ధి యంత్రం పనిచేస్తోందా అని చూడటం ఒక పని, చెరువులోకి కాలువ నీరు తోడుకోవచ్చా అని తేల్చుకోవడం మరో పని, సముద్రంలో కలిసే చోట ఏడాది పొడవునా మార్పును నమోదు చేయడం ఇంకో పని. ఈ మూడింటికీ ఒకే సెన్సర్ చాలదు. దానికి తోడు మన గోదావరి డెల్టా నీటికి కొన్ని ప్రత్యేక గుణాలున్నాయి. వేరే దేశపు ప్రయోగశాలలో బాగా పనిచేసిన సెన్సర్లలో సగాన్ని ఆ గుణాలే పక్కన పెట్టేస్తాయి కాబట్టి ముందు వాటి గురించి చెప్పాలి.

ముందు నీటి తీరు తెలియాలి

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్ళిన గోదావరి నీరు పొలాలు, చెరువులు, ఊళ్ళు దాటుకుని మురుగు కాలువల్లో చేరేసరికి చాలా మారిపోతుంది. ఊళ్ళ నుంచి జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు, చక్కెర వ్యాధి మందులు. ఆసుపత్రుల నుంచి యాంటీబయోటిక్‌లు. చెరువుల నుంచి ఆక్వా మందులు. అనపర్తి చుట్టుపక్కల వంటి చోట్ల కోళ్ళ ఫారాల నుంచి వచ్చేవి అందులో కలుస్తాయి. 2022లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త అధ్యయనం 104 దేశాల్లో 258 నదులను పరీక్షించినప్పుడు అన్నిటికంటే తరచుగా కనిపించినవి మూర్ఛకు వాడే కార్బమజెపిన్, చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్, కెఫీన్. మన డ్రెయిన్లలో వెతకడం మొదలుపెట్టేవారికి కూడా ఇవి మంచి గురుతులే.

అయితే జూలై నుంచి సెప్టెంబరు దాకా వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు ఎక్కువ. కాంతిని కొలిచే ఏ సెన్సర్‌కైనా ఒండ్రు అడ్డుపడుతుంది. వడకడితే సరిపోతుందనుకుంటే మరో చిక్కు ఉంది: టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబాల యాంటీబయోటిక్ మందులు బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉంటాయి, కాబట్టి ఒండ్రుతో పాటు అవి కూడా వడపోత కాగితం మీదే ఉండిపోతాయి. ఒక ఏడాది ఆగస్టులో తెచ్చిన నమూనాలన్నిటినీ నేను వడకట్టి పరీక్షించి, టెట్రాసైక్లిన్ లేదని రాసుకున్నాను. కాగితం మీద మిగిలిన బురదను విడిగా పరీక్షించాలన్న ఆలోచన వచ్చేసరికి ఆ కాగితాలు పారేశాను. ఆ ఏటి ఫలితాలను ఇప్పటికీ దేనికీ ఆధారంగా తీసుకోను.

చెరువుల్లో వేసే సున్నం, ఖనిజ లవణాలది మరో కథ. కాల్షియం, మెగ్నీషియం అయాన్లు టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన ఆక్సీటెట్రాసైక్లిన్‌ను పట్టి బంధిస్తాయి. అలా బంధించిన మందు బాక్టీరియా కణంలోకి సులువుగా పోదు, కాబట్టి బాక్టీరియాతో పనిచేసే సెన్సర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇడిటిఎ అనే రసాయనాన్ని తగిన మోతాదులో కలిపితే మందు విడివడుతుంది. ఎంత కలపాలన్నది మన నీటితోనే పరీక్షించి తేల్చుకోవాలి, ఎందుకంటే మోతాదు మించితే అది బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. ఇక ఉప్పు సంగతి తీరం దగ్గరి వారికి చెప్పనక్కరలేదు. ఉప్పుటేరులో పోటు ఎక్కినప్పుడు తీసిన నమూనా, పాటు తీసినప్పుడు తీసిన నమూనా ఒకే నీరు కావు.

వెలుగు తగ్గితే విషం ఉన్నట్టేనా?

బాక్టీరియా కణాన్నే సెన్సర్‌గా వాడే పద్ధతుల్లో అందరికీ తెలిసినది ఆలీవిబ్రియో ఫిషెరి అనే వెలుగునిచ్చే సముద్ర బాక్టీరియాతో చేసే పరీక్ష. నీటిలో విషపదార్థం ఉంటే దాని వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో మీటరు చెబుతుంది. దీనికి ఐఎస్ఓ 11348 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. సముద్రపు జీవి కావడం వల్ల దాని పరీక్ష జరిగేదే రెండు శాతం ఉప్పులో. అందుచేత కోనసీమ తీరంలోనూ ఉప్పుటేరు ముఖం దగ్గరా దొరికే చప్పని, ఉప్పని నీళ్ళన్నిటినీ ఒకే ఉప్పు స్థాయికి తెచ్చి పోల్చే వీలు ఈ పరీక్షలో ఉంది. మంచినీటి బాక్టీరియాతో చేసే పరీక్షలకు ఈ సౌలభ్యం లేదు.

ఇంత చెప్పాక, దీనిని అమ్మేవారు సాధారణంగా చెప్పని విషయం ఒకటి చెప్పాలి. పదిహేను నిమిషాల్లో, ముప్పై నిమిషాల్లో ఫలితం వస్తుందన్నది నిజమే, కానీ యాంటీబయోటిక్‌ల విషయంలో ఆ ముప్పై నిమిషాల ఫలితానికి విలువ చాలా తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందు కణం విభజన చెందేటప్పుడు డిఎన్ఎ నకలును అడ్డుకుంటుంది, టెట్రాసైక్లిన్ ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. ఈ రెండింటి దెబ్బా కణం పెరిగే క్రమంలోనే తెలుస్తుంది తప్ప అరగంటలో తెలియదు. అదే బాక్టీరియాను 24 గంటలు పెరగనిచ్చి కొలిస్తే సున్నితత్వం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందువల్ల ఈ పరికరం కొనాలనుకునేవారు ముప్పై నిమిషాల పరీక్ష కోసం కాక, 24 గంటల పరీక్ష చేసుకునే ఏర్పాటు కోసమే కొనాలని నా గట్టి అభిప్రాయం. పొడి రూపంలో వచ్చే బాక్టీరియాను మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి, పరీక్షను 15 డిగ్రీల్లో చేయాలి. మే నెలలో కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్ళలో దీనికి కూడా లెక్క వేసుకోవాలి.

ఈ పరీక్ష ఏ మందు ఉందో చెప్పదు. రాగి, అమ్మోనియా, సబ్బు నీరు కూడా వెలుగు తగ్గిస్తాయి. మురుగులోని పోషకాలు ఒక్కోసారి వెలుగు పెంచుతాయి కూడా. కాబట్టి ఇది ఒక చోటును మరో చోటుతో, నేటిని నిన్నటితో పోల్చడానికి పనికొచ్చే కాపలా పరీక్ష. నిందితుడి పేరు చెప్పమని దీన్ని అడగకూడదు.

పాల కేంద్రాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు చేసే పరీక్ష ఇదే కోవలోని చవకైన బంధువు. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా 64 డిగ్రీల వేడిలో మూడు గంటల్లో పెరిగి ఆమ్లం తయారు చేస్తుంది, ఊదా రంగు పసుపుగా మారుతుంది. మందు ఉంటే రంగు మారదు. పెన్సిలిన్ కుటుంబాన్ని ఇది లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల స్థాయిలోనే పట్టుకుంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం దీనికి సరిగా కనిపించదు. పెన్సిలిన్ మందులు నీటిలో తొందరగా విరిగిపోతాయి కాబట్టి దీనిని ఆసుపత్రి తూము పక్కన వాడవచ్చు గాని, ఐదు కిలోమీటర్ల కింద డ్రెయిన్‌లో వాడటం వృథా శ్రమ. పాలకు తయారైన కిట్‌ను మురుగు నీటికి వాడేటప్పుడు మందు లేని నీటితో ముందుగా పోల్చి చూడటం తప్పనిసరి.

టెట్రాసైక్లిన్ తగిలితే మాత్రమే వెలిగేలా జన్యుమార్పిడి చేసిన బాక్టీరియా, ఈస్ట్రోజెన్ హార్మోన్లు తగిలితే రంగు మార్చే ఈస్టు కూడా ఉన్నాయి. ఈస్టు పరీక్షకు 2018 నుంచి ఐఎస్ఓ 19040 ప్రమాణం ఉంది. గర్భనిరోధక మాత్రల్లోని కృత్రిమ హార్మోన్‌ను, మనుషులూ పశువులూ విసర్జించే సహజ హార్మోన్లను కలిపి మొత్తంగా చూపుతుంది. ఇవి చక్కని సాధనాలే, కానీ జన్యుమార్పిడి జీవులు కాబట్టి 1989 నాటి కేంద్ర నిబంధనల కింద సంస్థాగత జీవభద్రతా కమిటీ అనుమతితో ప్రయోగశాల నాలుగు గోడల మధ్యే వాడాలి. డ్రెయిన్ గట్టు మీదికి వాటిని తీసుకుపోకూడదు. ఇది విశ్వవిద్యాలయాలకు తగిన ఎంపిక, పంచాయతీలకు కాదు.

యాంటీబాడీ: పేరు పట్టి పిలిచే పద్ధతి

ఒక్కో మందును పేరుతో గుర్తించాలంటే యాంటీబాడీ (ఒక నిర్దిష్ట పదార్థాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) ఆధారంగా పనిచేసే ఎలైసా ప్లేటు, అంటే రంగు మార్పుతో మందు ఎంతుందో చూపే గుంతల పళ్ళెం గాని, గర్భ నిర్ధారణ పట్టీ వంటి పట్టీ గాని వాడాలి. మన డెల్టాకు నేను మొదట సిఫారసు చేసేది ఇదే, దానికి కారణం సాంకేతికమైనది కూడా కాదు. రొయ్యల ఎగుమతి వల్ల ఈ పద్ధతి తెలిసిన చేతులు ఇక్కడ ముందే ఉన్నాయి. రొయ్యల్లో నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల కోసం పంట తీయకముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఆధ్వర్యంలో ఎలైసా పరీక్షలు జరుగుతాయి. భీమవరంలో ఆ సంస్థకు ప్రయోగశాల ఉంది. ఐరోపా సమాఖ్య 2022 నవంబరు 28 నుంచి క్లోరాంఫెనికాల్ హద్దును కిలోకు 0.3 నుంచి 0.15 మైక్రోగ్రాములకు తగ్గించిన తరువాత ఆ చేతులు మరింత జాగ్రత్త నేర్చుకున్నాయి. పిపెట్ పట్టడం, ప్లేటు కడగడం, ప్రమాణ రేఖ గీయడం వచ్చిన మనుషులు ఉన్న ఊరిలో కొత్త రకం ఎలక్ట్రోడ్ తెచ్చి కొత్తగా నేర్పడం కంటే, ఉన్న విద్యను నీటికి మళ్ళించడం తెలివైన పని.

జాగ్రత్తలు మాత్రం చాలా ఉన్నాయి. రొయ్య కండకు పరీక్షించి అమ్మిన కిట్ నీటికి అలాగే పనిచేస్తుందని అనుకోరాదు. యాంటీబాడీకి పోలికలు తప్పుతాయి కూడా. కార్బమజెపిన్ కోసం విరివిగా వాడే ఒక యాంటీబాడీ, జలుబుకూ దురదకూ మనం వాడే సెట్రిజిన్‌ను కూడా కార్బమజెపిన్‌గానే లెక్కగడుతుందని తేలింది. పైగా ఆ పొరపాటు ఎంతన్నది పరీక్ష ద్రవపు ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పిహెచ్‌ను బట్టి మారుతుంది. మందుల షాపులో సెట్రిజిన్ ఎంతగా అమ్ముడుపోతుందో తెలిసినవారికి ఈ పొరపాటు చిన్నది కాదని వేరే చెప్పనక్కరలేదు. ఒకే నమూనాను రెండు వేర్వేరు పిహెచ్‌ల దగ్గర కొలిచి, అంకెలు బాగా తేడాగా వస్తే అనుమానించాలి. అలాగే సల్ఫా మందులు శరీరంలో ఎసిటైల్ రూపానికి మారి బయటికి వస్తాయి, నీటిలో మళ్ళీ అసలు మందుగా మారగలవు. మారిన రూపాన్ని పట్టుకోలేని యాంటీబాడీ తక్కువ చూపిస్తుంది. కిట్‌తో వచ్చే కాగితంలో ఏయే పదార్థాలను ఎంత శాతం పొరబడుతుందో చూపే పట్టిక ఉంటుంది. ధర చూడటానికి ముందు ఆ పట్టిక చదవాలి. పట్టికే లేని కిట్‌ను కొనకూడదు.

పట్టీకీ ప్లేటుకూ మధ్య ఎంపిక తేలికే. గట్టు మీద అవును, కాదు అని తేల్చుకోవడానికి పట్టీ; అంకె కావాలంటే ప్లేటు.

ఎంజైములు, ఆప్టమర్లు

1962లో లీలాండ్ క్లార్క్ ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచనను ముందుకు తెచ్చిన నాటి నుంచి ఈ రంగానికి పునాది ఎంజైములే. ఇంట్లో చక్కెర చూసుకునే యంత్రం దాని వారసత్వమే. లాకేజ్, టైరోసినేజ్ ఎంజైములు పూసిన ఎలక్ట్రోడ్లు పారాసెటమాల్‌ను చూపగలవు. పారాసెటమాల్ శుద్ధిలో సులువుగా పోతుంది కాబట్టి అది ఎక్కువగా కనిపించిందంటే శుద్ధి కాని పచ్చి మురుగు కలుస్తోందని అర్థం చేసుకోవచ్చు. కార్బమజెపిన్ అందుకు విరుద్ధంగా శుద్ధి కేంద్రాన్ని దాటి కూడా మిగిలి ఉంటుంది. అయితే ఫినాల్ జాతి పదార్థాలన్నిటికీ ఈ ఎంజైములు స్పందిస్తాయి, కుళ్ళిన గడ్డి, ఆకులు నానిన నీటికి కూడా. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైముతో మందులు కొలుస్తామని ఎవరైనా చెబితే సార్వా, దాళ్వా పొలాల మధ్య దానిని ఒప్పుకోవద్దు: వరి మీద చల్లే ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగు మందులకే ఆ ఎంజైమ్ ముందు లొంగుతుంది.

ఆప్టమర్లు అంటే ఒక్కో అణువుకు సరిపోయేలా ఎంచి తీసిన చిన్న డిఎన్ఎ, ఆర్ఎన్ఎ పోగులు. కనమైసిన్, టెట్రాసైక్లిన్, ఆంపిసిలిన్ వంటి వాటికి ఇవి తయారయ్యాయి. కణమే లేకుండా, ఎండబెట్టిన మిశ్రమానికి నీటి చుక్క కలిపితే వెలిగే పద్ధతులు కూడా ప్రచురితమయ్యాయి. ఈ రెండింటి మీద నాకు ఆశ ఉంది. కానీ ఆప్టమర్ మడత పడే తీరు ఉప్పును బట్టి మారుతుంది, మురుగులోని ఎంజైములు ఆర్ఎన్ఎను తినేస్తాయి. పరిశోధక విద్యార్థులు మన నీటితో వీటిని పరీక్షించాలి. ప్రజాధనంతో ఇప్పుడే కొనవద్దు.

ఎవరికి ఏది

పురపాలక సంఘానికి శుద్ధి కేంద్రం పనితీరు తెలియాలంటే కార్బమజెపిన్, నొప్పి మందు డైక్లోఫెనాక్‌ల ఎలైసా ప్లేట్లు, వాటితో పాటు 24 గంటల వెలుగు పరీక్ష సరిపోతాయి. కేంద్రంలోకి వచ్చే నీరు, పోయే నీరు రెండూ తీయాలి, అది కూడా ఒక్క క్షణపు నమూనాగా కాక రోజంతా గంటగంటకూ తీసి కలిపిన నమూనాగా. ఆసుపత్రి తూముకు పాల పరీక్ష వంటి నిరోధక పరీక్షతో మొదలుపెట్టి, అనుమానం వచ్చిన రోజున ఫ్లోరోక్వినలోన్ (సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు) ఎలైసా చేయాలి.

రొయ్యల రైతుకు నా సలహా కొంచెం వేరు. చెరువులోకి తోడుకునే నీటికి నిషిద్ధ మందుల పట్టీ ఒక్కటే ధైర్యం ఇవ్వలేదు, ఎందుకంటే పట్టీ కనిపెట్టలేనంత తక్కువ మందు కూడా ఉండవచ్చు. పక్క చెరువులు నీరు వదిలే రోజుల్లో తోడకపోవడం, వదిలాక కనీసం రెండు పోట్లు గడవనివ్వడం, ఆ తరువాత పట్టీతో చూడటం, అనుమానం ఉంటే ఎలైసాకు పంపడం అనే క్రమం మేలు. రైతులు సంఘంగా కలిసి ప్లేటు పంచుకుంటే ఒక్కో నమూనాకు ఖర్చు చాలా తగ్గుతుంది. 96 గుంతల ప్లేటును ఒక్కరి నాలుగు నమూనాల కోసం తెరవడం దండగ.

కళాశాలకు ఈ మొత్తంలో చేయదగిన పని ఎక్కువ. వెలుగు పరీక్ష 24 గంటల పద్ధతిలో ఏర్పాటు చేసుకుని, మూడేళ్ళు ఒకే నాలుగు చోట్ల నమూనాలు తీయగలిగితే ఈ డెల్టాకు ఎంతో విలువైన లెక్క చేతికొస్తుంది. చోట్లు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, అవే చోట్లు కావడం ముఖ్యం.

వీటిలో ఏది ఎంచుకున్నా ఎల్‌సి-ఎంఎస్/ఎంఎస్ యంత్రంతో (నీటిలోని పదార్థాలను వేరు చేసి, ఒక్కోదాన్ని అణువు బరువును బట్టి గుర్తించే ప్రయోగశాల యంత్రం) సరిచూడటం మానకూడదు. లీటరుకు నానోగ్రాముల స్థాయిలో మందును పేరుతో, అంకెతో చెప్పగలిగేది అదే; శాఖలతో గాని న్యాయస్థానంతో గాని మాట్లాడాలంటే నిలబడే సాక్ష్యం కూడా అదే. అయితే అక్కడికి మందు ఉందని తేలిన నమూనాలను మాత్రమే పంపడం పొరపాటు. లేదని తేలినవాటిలో కూడా కొన్నిటిని పంపాలి. సెన్సర్ గుడ్డిగా ఉన్న చోటు బయటపడేది వాటిలోనే.

కొనే ముందు, నమూనా తీసే ముందు

అమ్మేవారిని అడగవలసిన అన్నిటిలోకీ ముఖ్యమైన ప్రశ్న ఒకటే: "మా డ్రెయిన్ నీటిలో తెలిసిన మోతాదు మందు కలిపి ఇస్తాం, మీ పరికరం దానిని తిరిగి చూపగలదా?" పది మైక్రోగ్రాములు కలిపితే ఎనిమిదో పన్నెండో చూపితే ఫరవాలేదు. మూడు చూపితే ఆ నీటిలోని ఏదో పదార్థం అడ్డుపడుతోంది; నీటిని నాలుగు రెట్లు, పది రెట్లు పలచన చేసి మళ్ళీ చూడాలి. పలచన చేసినకొద్దీ లెక్కగట్టిన గాఢత పెరుగుతూ పోతే అడ్డంకి ఉన్నట్టే. శుభ్రమైన ప్రయోగశాల నీటిలో ఎంత సున్నితమో చెప్పే అంకెతో మనకు పని లేదు.

నమూనాను ముదురు గోధుమ రంగు గాజు సీసాలో తీయాలి, ఎందుకంటే సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి ఎండకు విరిగిపోతాయి. శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కలిపిన నీరైతే సీసాలో ముందే కొద్దిగా సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచాలి, లేకపోతే దారిలోనే క్లోరిన్ మందును తినేస్తుంది, సెన్సర్‌లోని బాక్టీరియానూ చంపుతుంది. రొయ్యల పెట్టెల కోసం ఐసు దొరకని ఊరు ఇక్కడ లేదు కాబట్టి నమూనాను ఐసులో పెట్టి తేలేదనే సాకు చెల్లదు. వడకట్టిన నీటిని, కాగితం మీది ఒండ్రును విడివిడిగా, రెండింటినీ పరీక్షించాలి.

ఇక కాలం సంగతి. దాళ్వా కోత అయ్యాక కాలువలు కట్టేసినప్పుడు డ్రెయిన్లలో పారేది దాదాపుగా ఊళ్ళ మురుగు, చెరువుల నుంచి వదిలిన నీరే. పలచన చేసే గోదావరి నీరు ఉండదు. మందులు ఎక్కువ గాఢతలో దొరికేది అప్పుడే కాబట్టి, కొత్తగా కొన్న ఏ సెన్సర్‌నైనా ముందు ఆ రోజుల్లో, పాటు పూర్తిగా తీసిన సమయంలో పరీక్షించండి. అప్పుడు కూడా ఏమీ కనిపించకపోతే, కాలువలు వదిలాక ఎర్రనీటిలో అది చూపిస్తుందని ఆశించనక్కరలేదు. ఆ పరికరాన్ని పక్కన పెట్టి, దాచి ఉంచిన అదే నమూనాను ఎలైసాకు పంపండి.